పాత పార్టు మళ్లీ వేయాలా, వద్దా?

అమ్మడూ,

బైక్ ఇంజిన్ విప్పి దుప్పటి మీద పరిచిన ఫోటోలు చూశాను. ఏ వాల్వు ఎటువైపుదో, ఏ రాకర్ ఎక్కడిదో చీటీలు అంటించి పెట్టావు చూడు, అక్కడే నా టెన్షన్ సగం తగ్గింది. వాడిన పార్టు ఏ జోడీతో అరిగిందో మళ్లీ ఆ జోడీతోనే కలవాలి. అది కలగాపులగం అయితే ఇక ఏం కొలిచినా లాభం లేదు.

ఏవి మళ్లీ వేయొచ్చు పెదనాన్నా అని అడిగావు. కొన్నింటికి ఆలోచనే అక్కర్లేదు. హెడ్ ప్యాకింగ్, మిగతా ప్యాకింగులు, ఆయిల్ సీళ్లు, ఓ రింగులు, వాల్వ్ సీళ్లు, పిస్టన్ పిన్ను పక్కకు జరగకుండా పట్టే తీగ సర్‌క్లిప్పులు, ఇవన్నీ చూడటానికి ఎంత బాగున్నా కొత్తవే వేయి. ఒకసారి నలిగిన ప్యాకింగ్ రెండోసారి అలా కూర్చోదు. కొన్ని బోల్టులు కూడా బిగించినప్పుడు సాగే రకం. వాటిని మార్చమని మాన్యువల్‌లో రాసి ఉంటుంది, చూసుకో.

సర్‌క్లిప్ దగ్గర నేనొకసారి గట్టి దెబ్బ తిన్నాను. కొత్త పిస్టన్ బిగిస్తుంటే దాంతో వచ్చిన క్లిప్పు చేతిలోంచి ఎగిరి ఎక్కడో పడింది. ఎంత వెతికినా దొరకలేదు. పాతది చూస్తే బాగానే ఉంది కదా అని అదే పెట్టేశాను. అది గాడిలో టైట్‌గా కూర్చోకుండా వేలితో తోస్తే తిరుగుతోంది. అప్పుడే ఆగాల్సింది. కొన్నాళ్లకు ఇంజిన్‌లో గీరుతున్న శబ్దం మొదలైంది. విప్పి చూస్తే క్లిప్పు ఊడిపోయి, పిన్ను పక్కకు జరిగి, బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం, గోడ మీద పైనుంచి కిందికి గోరు దిగేంత గాడి పెట్టేసింది. అంత చిన్న తీగముక్క వల్ల కొత్త పిస్టన్, బోరు రెండూ పోయాయి.

అప్పటి నుంచి ప్రతి పార్టునూ చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఇది పోతే తనతో పాటు ఇంకేం పోతుంది? దీని దగ్గరికి మళ్లీ రావాలంటే ఎంత విప్పాలి? క్లచ్ ప్లేట్లు కొలతలో ఉంటే ధైర్యంగా వాడుకో, అరిగితే సైడ్ కవర్ తీసి మార్చేయొచ్చు. టైమింగ్ చైన్ అలా కాదు. అది తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది. అనుమానంగా ఉంటే మార్చెయ్.

నీకు అసలు పని పడేది బోరు, పిస్టన్ దగ్గర. కంటితో చూసి తేల్చకు. ఈ అరుగుదలలు వెంట్రుక మందం కంటే తక్కువలో నడుస్తాయి. బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ప్రతిచోటా పిన్ను దిశలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలువు. పైన, రింగు ఆగి వెనక్కి తిరిగే చోట అరుగుదల ఎక్కువ ఉంటుంది. అక్కడ వేలు తిప్పితే చిన్న గట్టు తగులుతుందేమో చూడు. పిస్టన్‌ను పిన్నుకు అడ్డంగా, స్కర్ట్ మీద, అంటే రింగుల కింద ఉండే గోడ మీద, మాన్యువల్ చెప్పిన ఎత్తులో కొలవాలి. కొలిచే ముందు పిస్టన్‌ను అరచేతిలో పట్టుకుని కూర్చోకు. 60 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.014 మిల్లీమీటర్లు పెరుగుతుంది, నీ లెక్క అక్కడే తప్పిపోతుంది. పిస్టన్, బ్లాక్ రెండింటినీ ఒకే గదిలో కాసేపు వదిలేసి కొలువు.

బోరు మాన్యువల్ లిమిట్‌లో ఉంటే, లోపలి గోడ మీద సన్నటి గీతలు పడేలా హోనింగ్ చేయించి కొత్త రింగులు వేయి. అద్దంలా నున్నబడిన బోరులో కొత్త రింగులు సరిగా కుదురుకోవు. లిమిట్ దాటితే మాత్రం రింగులతో సరిపెట్టాలని చూడకు. పొగ కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఓవర్‌సైజ్ పిస్టన్, అంటే కాస్త పెద్ద పిస్టన్, తెచ్చి దానికి సరిపడా సిలిండర్ బోరు చేయించడమే దారి. రింగును ముందు విడిగా బోరులో పెట్టి, పిస్టన్‌తో నిటారుగా లోపలికి తోసి, రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సన్నటి కొలత రేకులతో) చూడటం మర్చిపోవద్దు. కొత్త రింగులకైనా ఇది తప్పదు.

కనెక్టింగ్ రాడ్‌ను నిలువుగా పట్టి పైకీ కిందికీ లాగు. పక్కలకు కాస్త కదలడం మామూలే. పైకీ కిందికీ మాత్రం టక్కుమని ఏమాత్రం కదిలినా బిగ్ ఎండ్, అంటే రాడ్ కింది చివర బేరింగు, పోయినట్టే. అక్కడ మొహమాటం పనికిరాదు, దానికోసం మళ్లీ ఇంజిన్ మొత్తం విప్పాలి. బేరింగులు కిరోసిన్‌లో కడిగి, ఆరాక చుక్క ఆయిల్ వేసి మెల్లగా తిప్పు. గరగరమంటే పక్కన పడేయ్. గాలి కొట్టి గిర్రున మాత్రం తిప్పకు.

హెడ్‌లో ప్లగ్గు బిగించి, వాల్వులు పెట్టి, హెడ్‌ను తిరగేసి వాల్వుల గుంటలో కిరోసిన్ పోసి వదిలెయ్. పోర్టులోకి కారితే సీటింగ్ సరిగా లేదు. వాల్వును దాని సీటు మీద రుద్దితే సరిపోవచ్చు. వాల్వులను తెరిచే కామ్ మీద గుంటలు కనిపిస్తే కామ్, రాకర్ రెండూ కలిపి మార్చు. గేర్ల పళ్లు, ఒక గేరు ఇంకో గేరును పట్టుకునే కొక్కేల మూలలు గుండ్రబడ్డాయేమో చూడు చాలు.

ఇంకో మాట. అన్నీ కొత్తవి వేసేస్తే ఏ గొడవా ఉండదని నీకు అనిపించవచ్చు. నేను ఒప్పుకోను. కొలత సరిపోయిన ఒరిజినల్ పార్టును, ఎవరు చేశారో తెలియని కొత్త దానికోసం పారేయకు. దాన్ని నువ్వు కొలిచావు, ఎలా ఉందో నీకు తెలుసు.

బోరు ఆరు కొలతలు, పిస్టన్ కొలత, రింగు సందులు ఒక కాగితం మీద రాసి, పక్కనే మాన్యువల్ లిమిట్ వేసి ఫోటో పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా ఏమీ బిగించకు.

నీ పెదనాన్న