అనీబిసెంట్ అంత గట్టి జర్నలిస్టు కదా, మహాత్ముల ఉత్తరాలను ఎలా నమ్మారు?

హిమాలయాల అవతలి మహాత్ములు రాశారని చెప్పుకున్న ఉత్తరాలవి. ఈ ప్రశ్న నన్నూ చాన్నాళ్లు వదల్లేదు. నేను డిగ్రీ చదివింది మదనపల్లెలో, 1915లో ఆవిడ పెట్టిన కాలేజీలోనే. ఇప్పుడు ఒక పత్రికలో డెస్కు మీద పని.

ముందు మా హాస్టల్ సంగతి చెప్తాను. ఫస్టియర్లో ఓ రాత్రి కరెంటు పోతే మా రూములో, చనిపోయినవాళ్లతో మాట్లాడిస్తుందనే ప్లాంచెట్ పెట్టారు. చార్టు మీద ఏ నుంచి జెడ్ దాకా గుండ్రంగా రాసి, మధ్యలో రూపాయి బిళ్ల పెట్టి, దాని మీద నలుగురం వేళ్లు ఆనించాం. మా అవ్వను పిలవమన్నాను. నన్ను ఆమె ముద్దుగా ఏమని పిలిచేదో అడిగితే, బిళ్ల ఒక్కో అక్షరం దగ్గరికే వెళ్లి కరెక్టుగా చెప్పింది. ఆ పేరు ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఏడ్చేశాను. మర్నాడు పళ్లు తోముకుంటుంటే తట్టింది: మా అవ్వకు తెలుగే చదవడం రాదు, ఇంగ్లీషు స్పెల్లింగు ఎక్కడ నేర్చింది? ఆ రాత్రి నా వేలు తీసేసి మళ్లీ అడిగించాను. బిళ్ల ఎక్స్ దగ్గరా క్యూ దగ్గరా తచ్చాడింది. అంటే మొదటిసారి తోసింది నేనే, నాకే తెలియకుండా. ఆత్మల పేరుతో బల్లలు కదిలించేవాళ్ల మీద శాస్త్రవేత్త ఫారడే 1853లోనే ప్రయోగం చేసి ఇదే తేల్చాడట.

బిసెంట్ మాత్రం ఇలా బిళ్ల చుట్టూ కూర్చునే రకం కాదు. 1875లో న్యూయార్కులో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పుట్టింది ఆత్మలను పిలిచే ఆ పిచ్చి నడుమే అయినా, దాన్ని పెట్టినవారిలో ఒకరైన బ్లావట్‌స్కీ అక్కడ పలికేవి చనిపోయినవాళ్ల ఆత్మలు కావనేది. ఆవిడ చెప్పింది హిమాలయాల అవతల ఉండే మహాత్ముల గురించి. వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తాయని.

ఇక బిసెంట్ జర్నలిజం. 1888 జూన్‌లో లండన్‌లో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అమ్మాయిలను ఆవిడ స్వయంగా కలిసి, వారానికి ఎంత ఇస్తున్నారు, దేనికి ఎంత ఫైన్ కోస్తున్నారు అని అడిగి రాశారు. ఒకమ్మాయికి వారానికి నాలుగు షిల్లింగులు, వాటాదారులకేమో ఇరవై శాతం పైన లాభం. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఇక విశేషణాలు ఎందుకు? కొద్ది రోజుల్లోనే సుమారు 1,400 మంది పని ఆపేశారు.

ఆ మరుసటి ఏడాదే మలుపు. ఎడిటర్ స్టెడ్ బ్లావట్‌స్కీ రాసిన రెండు లావుపాటి సంపుటాలు ఆవిడ చేతిలో పెట్టి రివ్యూ రాయమన్నాడు. తన దగ్గరి కుర్రాళ్లెవరూ వాటి జోలికి పోవట్లేదట. (ఎవరూ ముట్టని పుస్తకం ఎవరికి అంటగట్టాలో ఎడిటర్లకు బాగా తెలుసు, నాకూ అనుభవమే.) చదివారు, రాశారు, బ్లావట్‌స్కీని కలిశారు. సమాజంలో చేరతానంటే బ్లావట్‌స్కీయే, తాను మోసగత్తెనని తేల్చిన 1885 నాటి హాడ్జ్‌సన్ రిపోర్టు ముందు చదివి రమ్మంది. మద్రాసు అడయారులోని సమాజ కేంద్రంలో ఆ ఉత్తరాలు ఎలా పుట్టుకొచ్చేవో చెప్పిన రిపోర్టు అది. బిసెంట్ చదివారు, నమ్మలేదు, వెళ్లి చేరిపోయారు.

నాకు గుచ్చుకునేది ఆ తర్వాతిది. బ్లావట్‌స్కీ 1891 మేలో పోయింది. ఆగస్టులో బిసెంట్ లండన్ సభలో నిలబడి, బ్లావట్‌స్కీకి వచ్చిన మహాత్ముల ఉత్తరాల్లోని చేతిరాతతోనే తనకూ ఉత్తరాలు వచ్చాయని చెప్పారు. పేపర్లన్నీ గోల పెట్టాయి. 1894లో ఆవిడే ఒప్పుకున్నారు: ఆ రాత మహాత్ములది కాదు, సమాజంలోని అమెరికా నాయకుడు జడ్జ్‌ది అని. కానీ సారాంశం మాత్రం పైనుంచే అతనికి అందిందన్నారు. డెస్కులో మేం వేసే సవరణలు గుర్తొచ్చాయి నాకు. వార్త తప్పే, కానీ మొత్తంగా కరెక్టే అన్నట్టు! ఫ్యాక్టరీ అమ్మాయిల దగ్గర అడిగినన్ని ప్రశ్నలు ఆ ఉత్తరాల దగ్గర అడగలేదావిడ. ఎందుకంటారా, నా వేలు బిళ్ల మీద ఎందుకు కదిలిందో అందుకే అనుకుంటాను.

అలాగని కలం మొద్దుబారలేదు. 1914లో మద్రాసులో ఒక దినపత్రిక కొని ‘న్యూ ఇండియా’ అని పేరు మార్చి హోంరూల్ కోసం నడిపారు. ప్రెస్ చట్టం కింద ప్రభుత్వం రెండు వేల రూపాయల డిపాజిట్ కట్టించుకుని, దాన్నీ జప్తు చేసి మళ్లీ పది వేలు కట్టమంది. కట్టి నడిపారు. 1917లో ఊటీలో నిర్బంధించారు, ఆ ఏడాది చివర్లో ఆవిడే కాంగ్రెస్ అధ్యక్షురాలు.

జగద్గురువు రాబోతున్నాడని ఆవిడ ప్రపంచమంతా చాటి పెంచిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మా మదనపల్లెలోనే. 1929 ఆగస్టులో, హాలెండ్‌లో, దాదాపు మూడు వేల మంది ముందు ఆయన తన కోసం పెట్టిన సంఘాన్ని తానే రద్దు చేసేశాడు. ఎనభై దాటిన బిసెంట్ కూడా ఆ సభలోనే ఉన్నారు.