బాలల రిస్క్ అంచనాలో వివక్ష: తిరుపతిలో నివేదికలు రాసిన అనుభవం

అమెరికాలో బాలల నేర కేసుల్లో, పిల్లలు మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతో మార్కులు వేసి చెప్పే రిస్క్ అంచనా పద్ధతులు నల్లజాతి పిల్లలకూ ఆడపిల్లలకూ అన్యాయం చేస్తున్నాయన్న చర్చ గురించి చెప్పి, మార్కులు వేయని మన దగ్గర ఆ బెడద ఉండదు కదా అని ఒకరు నన్ను అడిగారు. తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పిల్లల నేర కేసులు చూసే బాలల న్యాయ మండలికి, పిల్లల ఇంటి పరిస్థితులు వివరించే సామాజిక విచారణ నివేదికలు రాసినదాన్ని కాబట్టి చెబుతున్నాను: ఇక్కడా ఉంది, అంకెల్లో కాక మాటల్లో ఉంది.

అక్కడి చిక్కు చాలావరకు పాత అరెస్టులను లెక్కలోకి తీసుకోవడంతో వస్తుంది. పోలీసుల నిఘా ఎక్కువగా ఉన్న పేటలో పెరిగిన పిల్లవాడికి అరెస్టులూ ఎక్కువే, మార్కులూ ఎక్కువే.

మన నివేదిక పత్రంలోనూ కుటుంబ సభ్యుల నేర ప్రమేయానికి ఒక గడి ఉంది. స్వర్ణముఖి ఒడ్డున బుట్టలు అల్లుకునే ఒక ఎరుకల కుటుంబంలోని అబ్బాయి గురించి రాస్తూ, ఆ గడిలో ‘తండ్రి గతంలో అరెస్టయ్యాడు’ అని నింపాను. ప్రొబేషన్ అధికారి చదివి, “ఆ కేసు చివరికి ఏమైందమ్మా?” అని అడిగారు. నేను కనుక్కోనేలేదు. మళ్లీ వెళ్లి అడిగితే, ఆ తండ్రి బియ్యం డబ్బా అడుగునుంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిపెట్టుకున్న కాగితం తీసి ఇచ్చాడు. అది కోర్టు ఎప్పుడో కొట్టేసిన కేసు. ఎరుకలపై పుట్టు నేరస్థులన్న ముద్ర వేసిన నేరస్థ జాతుల చట్టం 1952లోనే రద్దయింది. అదే ముద్రను నా చేత్తో నేను మళ్లీ వేశానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

ఆడపిల్లల విషయం ఇంతకంటే కష్టం. 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 12 ప్రకారం పిల్లలకు బెయిల్ ఇవ్వడమే నియమం. ‘నైతిక, శారీరక, మానసిక ప్రమాదం’ వంటి కొన్ని కారణాలు ఉన్నాయనుకుంటే మాత్రం నిరాకరించవచ్చు. చట్టంలో ఆడ, మగ తేడా లేదు. అయినా చిత్తూరులో ఒకే దొంగతనం కేసులో ఇద్దరు పిల్లలుంటే అబ్బాయిని చిన్నాన్న వెంట పంపారు, అమ్మాయిని మాత్రం ‘ఇదివరకే ఇల్లు వదిలి వెళ్లింది’ అన్న ఒక్క వాక్యం ఆపేసింది. మేనమామతో పెళ్లి తప్పించుకోవడానికే ఆమె ఇల్లు వదిలిందని ఎవరూ రాయలేదు.

మీరు ఈ పనిలోకి వచ్చేవారైతే అరెస్టు పక్కనే తీర్పునూ, ఇల్లు వదలడం పక్కనే కారణాన్నీ తప్పక రాయండి. ఆ అమ్మాయి విషయంలో కారణం చేర్చి అదనపు నివేదిక ఇచ్చాము; పలమనేరు నుంచి పెద్దమ్మ వచ్చి పూచీకత్తు రాసి, తన వెంట తీసుకువెళ్లింది.