టెక్ సందేహాలు: డిబేట్ పోటీ మార్కుల షీటు ఎవరి చేతిలో ఉంది?

కాలేజీ ఫెస్టులు మొదలయ్యాయంటే చాలు, ఒకే ఫిర్యాదు వేర్వేరు ఊళ్ల నుంచి వస్తుంది. డిబేట్ పోటీ పెట్టాం, ఫలితాలు తారుమారయ్యాయి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఈ వారం ఫోన్ బ్యాటరీల ప్రశ్నలు పక్కన పెట్టి వీటి సంగతే చూద్దాం.

మా కాలేజీలో 24 టీములతో బ్రిటిష్ పార్లమెంటరీ పద్ధతిలో డిబేట్ పెట్టాం. ఐదుగురం ఒకే ఆన్‌లైన్ షీటు తెరిచి మార్కులు వేశాం. మూడో రౌండ్ తర్వాత చూస్తే రెండు టీముల పాయింట్లు మారిపోయి ఉన్నాయి. షీటులో బగ్ ఉందా సార్?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

బగ్ కాదమ్మా, ఆ ఐదుగురే. ఒకరు మార్కులు టైపు చేస్తుండగా ఇంకొకరు ఎవరు ముందున్నారో చూద్దామని సార్ట్ నొక్కితే వరసలన్నీ కదిలిపోతాయి. జడ్జి ఫలితం రాసిచ్చిన బ్యాలెట్ కాగితం చదివి తలెత్తేసరికి మీరు అనుకున్న టీము ఆ వరసలో ఉండదు. ఒక్క కాలమ్‌నే ఎంచుకుని సార్ట్ చేశారా, ఇక చెప్పనక్కర్లేదు, పేర్లు ఒక దారి, మార్కులు ఒక దారి. ఇంకో విచిత్రం చూడండి. ముగ్గురు జడ్జీల ప్యానెల్ తీర్పును 2-1 అని టైపు చేస్తే, అదేదో తేదీ అనుకుని జనవరి 2గా మార్చేసే షీట్లున్నాయి. అడక్కుండా సాయం చేసే సాఫ్ట్‌వేర్ అంటే నాకు మొదట్నుంచీ పడదు.

షీటే వాడక తప్పదనుకుంటే ఒక చిన్న తనిఖీ పెట్టుకోండి. ఈ పద్ధతిలో ఒక్కో గదిలో నాలుగు టీములు, వాటికి 3, 2, 1, 0 పాయింట్లు. అంటే గదికి 6. మీకు ఆరు గదులు కాబట్టి రౌండుకి 36, మూడు రౌండ్లకి 108. మొత్తం అంతకు ఒక్కటి తేడా వచ్చినా డ్రా, అంటే తర్వాతి రౌండులో ఏ టీము ఏ గదిలో అనే జాబితా, తీయొద్దు.

కానీ మీకు జరిగిన పొరపాటును ఈ తనిఖీ పట్టుకోలేదు. రెండు టీములు ఒకదాని స్థానంలో ఒకటి పడితే మొత్తం మారదు కదా. ఇలా తారుమారు కావడానికి సార్ట్ కాక ఇంకో కారణం ఏమిటో ట్యాబ్ రూమ్‌లో, అంటే ఫలితాలు లెక్కకట్టే గదిలో, కూర్చున్నవాళ్లెవరినైనా అడగండి, నవ్వుతూ చెబుతారు: జడ్జీల చేతిరాత. ప్రతిపాదనను సమర్థించే రెండు టీముల్లో మొదటిదైన ఓపెనింగ్ గవర్నమెంట్‌ని ఓజీ అని, రెండోదైన క్లోజింగ్ గవర్నమెంట్‌ని సీజీ అని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో రాస్తారు. హడావుడిలో ఆ 'ఓ' సున్నాని పూర్తిగా మూయకపోతే అది 'సీ' అయి కూర్చుంటుంది. మొదటి స్థానం ఒకరికి బదులు ఇంకొకరికి. అందుకే బ్యాలెట్ మీద పొడి అక్షరాలు కాకుండా టీము పేరు అచ్చు వేసి ఇవ్వండి. ఒకరు పైకి చదవాలి, ఒకరు టైపు చేయాలి, టైపు చేయనివాళ్లు మళ్లీ సరిచూడాలి.

ఇంత చాదస్తం ఎందుకంటారా? మొదటి రౌండ్ తర్వాత వీలైనంతవరకు సమాన పాయింట్లున్న టీములనే ఒక గదిలో వేస్తారు. రెండో రౌండ్ ఫలితం ఒక్కటి తప్పుగా పడితే మూడో రౌండ్ డ్రా తప్పు, దాని మీద కట్టిన నాలుగోది తప్పు. జరిగిపోయిన డిబేట్‌ను వెనక్కి తీసుకోలేరు. మామూలు రౌండ్లలో జడ్జి ఫలితం నోటితో చెబుతారు కాబట్టి నష్టపోయిన టీమే పరుగెత్తుకొచ్చి చెబుతుంది. సైలెంట్ రౌండ్లలో ఆ రక్షణ కూడా ఉండదు. ప్రపంచ విశ్వవిద్యాలయాల పోటీలో తొమ్మిది ప్రాథమిక రౌండ్లుంటే చివరి మూడింటి ఫలితాలు చెప్పరు. మీ దగ్గర సైలెంట్ రౌండ్ ఒక్కటే ఉన్నా, రెండోసారి సరిచూడడం అక్కడ మానొద్దు.

డ్రా తీయడానికి, జడ్జీలను గదులకు పంచడానికి, స్పీకర్ స్కోర్లు కూడడానికి ట్యాబీక్యాట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది. బాగా పనిచేస్తుంది. ఒకే గదిలో రెండు టీములకు సమాన మార్కులు వేస్తే ఒప్పుకోదు. ఆ మొండితనం నాకు నచ్చింది.

పాత వీడియో చూసి ట్యాబ్ సాఫ్ట్‌వేర్‌ను హెరోకులో (ఇంటర్నెట్‌లో సాఫ్ట్‌వేర్ నడిపిపెట్టే సేవ) ఉచితంగా పెట్టబోతే కార్డు అడుగుతోంది. మోసమా?
– బీఏ విద్యార్థి, విజయవాడ

మోసం కాదు. ఆ సంస్థ ఉచిత ప్లాన్లను 2022 నవంబరు 28న ఆపేసింది. వీడియో అంతకు ముందుదై ఉంటుంది. అద్దె కట్టండి, లేదా ఒక ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోండి.

జడ్జీలకు పంపే బ్యాలెట్ లింకులన్నీ సౌకర్యంగా ఉంటుందని జడ్జీలు, వాలంటీర్లు, టీముల కెప్టెన్లు ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాం. ఒక గది నుంచి రెండు బ్యాలెట్లు వచ్చాయి, రెండూ వేర్వేరుగా ఉన్నాయి. రెండోది తను పంపలేదని జడ్జి అంటున్నారు. ఎవరు పంపారో కనిపెట్టగలమా?
– డిబేట్ క్లబ్ కార్యదర్శి, హైదరాబాద్

ఎంత సౌకర్యం చూసుకున్నారండీ! తాళంచెవుల గుత్తిని వీధి అరుగు మీద పెట్టి, దొంగ ఎవరో చెప్పమంటున్నారు.

ఈ లింకుల్లో పాస్‌వర్డ్ ఉండదు. లింకే పాస్‌వర్డ్. అందులో ఉండే ఆ అర్థంలేని అక్షరాల గుంపు ఎవరి దగ్గరుంటే వాళ్లే ఆ జడ్జి. సాఫ్ట్‌వేర్‌కి మనిషి ముఖం తెలియదు. మీ గ్రూపులో జడ్జీలతో పాటు వాలంటీర్లు, టీముల కెప్టెన్లు కూడా ఉన్నారని మీరే రాశారు. ఎవరు పంపారో ఐపీ అడ్రస్ చూసి పట్టుకుందామనుకుంటే, కాలేజీ వైఫైలో ఉన్న అందరూ బయటికి ఒకే అడ్రస్‌తో కనిపించే అవకాశమే ఎక్కువ. కాబట్టి పరిశోధన మానేసి, ఆ గది చెయిర్‌ని, అంటే ప్యానెల్ పెద్దని, ప్యానెల్లోని మిగతా జడ్జీలను పిలిచి కాగితం మీద సంతకాలు తీసుకోండి. ఈ రాత్రే పాత లింకులన్నీ రద్దుచేసి కొత్తవి పుట్టించి, ఎవరిది వాళ్లకే విడిగా పంపండి.

మీ అదృష్టం ఏమిటంటే, జడ్జి పంపిన బ్యాలెట్ ముందు చిత్తుగానే ఉంటుంది. ట్యాబ్ రూమ్‌లో ఒకరు కన్ఫర్మ్ చేస్తేనే లెక్కలోకి వస్తుంది. అయితే ఆ కన్ఫర్మ్ బటన్‌ను చూడకుండా టకటకా నొక్కుకుంటూ పోయేవాళ్లను నేనే కళ్లారా చూశాను. మూడేళ్ల కిందట ఒక కాలేజీలో సాయానికి కూర్చున్నప్పుడు అడ్మిన్ పాస్‌వర్డ్‌ను బోర్డు మీద చాక్‌పీసుతో రాసి ఉంచారు. టీ తెచ్చే కుర్రాడికి కూడా తెలుసు.

నిజానికి దొంగ బ్యాలెట్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఫలానా టీముకి ఫలానా జడ్జిని వేయొద్దని క్లాష్‌ల జాబితా తీసుకుంటారు కదా. ఒకే కాలేజీ వాళ్లనేది మామూలు కారణం. మిగతావి? ఎవరు ఎవరిని ప్రేమించి విడిపోయారు, ఎవరి మీద ఎవరు వేధింపుల ఫిర్యాదు ఇచ్చారు. మార్కులు బయటికి పోతే ఒక రోజు గొడవ. ఈ జాబితా బయటికి పోతే ఒకమ్మాయి కాలేజీ మార్చుకోవాల్సి రావచ్చు. అడ్మిన్‌గా లోపలికి వెళ్లినవాళ్లకి ఇవన్నీ కనిపిస్తాయి. జడ్జీల మీద టీములు రాసిన అభిప్రాయాలూ అక్కడే ఉంటాయి. అడ్మిన్ అకౌంటు ఇద్దరికి మించి ఇవ్వకండి, ఎవరి అకౌంటు వాళ్లది. టైపు చేసేవాళ్లకి టైపు చేసే హక్కు ఒక్కటే చాలు. క్లాష్‌కి కారణం అడిగే గడిని మీ ఫారంలోంచి ఇప్పుడే తీసేయండి. పేరు తెలిస్తే చాలు, కథ మీకెందుకు? "లింకు ఉన్న ఎవరైనా మార్చవచ్చు" అని తెరిచిపెట్టిన ఫారం జవాబుల షీటు ఉంటే, ఈ కాలమ్ చదవడం ఆపి ముందు అది మూయండి.

సెమీఫైనల్స్ జాబితా ప్రకటించే ముందు ల్యాప్‌టాప్ తనంతట తానే అప్‌డేట్‌కి పోయింది. అరగంట ఆగాం. పరువు పోయింది. అప్‌డేట్లు పూర్తిగా ఆపేయవచ్చా?
– లా విద్యార్థి, విశాఖపట్నం

పూర్తిగా ఆపొద్దు, భద్రతకు అవి కావాలి. పోటీకి ముందు రోజు రాత్రి అన్నీ వేసేసి, వారం వాయిదా పెట్టండి.

కానీ మీ కోపం న్యాయమైనదే. మనిషి పని మధ్యలో ఉన్నాడని తెలుసుకునే తెలివి యంత్రానికి లేకపోవచ్చు. దాన్ని తయారుచేసినవాళ్లకి ఉండాలి కదా? కొత్త ల్యాప్‌టాప్ తెరిస్తే స్వాగతాలు, సలహాలు, మూల నుంచి తొంగిచూసే ప్రకటనలు, అడగని సహాయకుడు. "ఇప్పుడే" అని ఒక బటన్, "కాసేపాగి" అని ఒక బటన్. "వద్దు" అనే బటన్ ఏదీ? అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడుంటాడు, అవధాని ఏకాగ్రత చెడగొట్టడమే ఆయన పని. ఆయన్ని సభవాళ్లు కావాలని పిలుస్తారు, పైగా ఆయన మాటల్లో చమత్కారమైనా ఉంటుంది. ఇక్కడ మనం డబ్బిచ్చి కొనుక్కున్న పెట్టెలో ఆ ప్రసంగి ఉచితంగా వస్తున్నాడు. ట్యాబ్ రూమ్ తలుపు దగ్గర "అన్నా, మేం బ్రేక్ అయ్యామా, నాకౌట్‌కి చేరామా?" అని తొంగిచూసే కుర్రాళ్లే ఇంతకన్నా నయం. తలుపేస్తే పోతారు.

ప్రతి రౌండ్ కాగానే ఫలితాల కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి, ఒకటి కాగితం మీదికి తీయండి. ఈసారి అరగంట పోదు.

మా అమ్మాయి పదో తరగతి. రెండేళ్ల కిందట ఒక పోటీలో తక్కువ మార్కులొచ్చాయి. ఇప్పటికీ పేరు వెతికితే ఆ పట్టికే ముందు వస్తోంది. తోటిపిల్లలు ఏడిపిస్తున్నారు. తీయించగలమా?
– ఒక తండ్రి, గుంటూరు

ముందు నిర్వాహకులకు రాయండి. పట్టికలో పేరు కనిపించకుండా దాచే వీలు ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది, వాళ్లకి నిమిషం పని. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లను పిల్లలుగానే లెక్కిస్తుందని ఉత్తరంలో ఒక వాక్యం చేర్చండి, జవాబు త్వరగా వస్తుంది. పేరు తీశాక కూడా వెతుకులాటలో పాత పేజీ కొన్నాళ్లు కనిపించవచ్చు. పాతబడిన పేజీని తొలగించమని అడిగే ఫారం సెర్చ్ సైట్లలో ఉంటుంది, అదీ నింపండి.

నిర్వాహకులకు ఒక మాట. పై పది మంది పేర్లు వేస్తే ఎవరికీ నష్టం లేదు. అరవయ్యో స్థానంలో వచ్చిన పిల్ల మార్కులు ఊరందరికీ ఎందుకు? ఆ అమ్మాయికి విడిగా పంపితే సరిపోయేది.