సిగ్నల్ దగ్గర వేడి, సెల్లార్‌లో నిద్ర: స్పోర్ట్స్ కార్ల సందేహాలకు జవాబులు

ప్రశ్న: నా దగ్గర 2008 నాటి పోర్షే 911 కారెరా ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటసేపు నడిపినా దానికి ఏమీ కాదు. సాయంత్రం పూట బయోడైవర్సిటీ కూడలిలో పావుగంట ఇరుక్కుంటే మాత్రం ముందు ఏసీ చల్లదనం తగ్గుతుంది, ఆ తరువాత ఉష్ణోగ్రత ముల్లు పైకి లేస్తుంది. మెకానిక్ థర్మోస్టాట్ మార్చాడు, కూలెంట్ మార్చాడు. ఇప్పుడు ఇంజిన్ దించి వాటర్ పంపు మార్చాలంటున్నాడు. ఒప్పుకోమంటారా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: ఇప్పుడే ఒప్పుకోకండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. పరుగులో చల్లగా ఉండి, ఆగినప్పుడు వేడెక్కే కారులో లోపం సాధారణంగా గాలి ఆడకపోవడం దగ్గర ఉంటుంది. వేగం పెరిగేకొద్దీ వేడెక్కే కారైతే పంపునూ, థర్మోస్టాట్‌నూ, రేడియేటర్ లోపలి పూడికనూ ముందుగా అనుమానించాలి. పైగా మీ కారులో ముల్లు కంటే ముందు ఏసీ చేతులెత్తేస్తోంది. ఈ కారుకు ఇంజిన్ వెనుక ఉన్నా, రేడియేటర్లు మాత్రం ముందు బంపర్ లోపల కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటాయి. వాటి ముందు ఏసీ కండెన్సర్లు, అంటే ఏసీ గ్యాస్ వేడిని గాలిలోకి వదిలే జాలీలు, ఉంటాయి. బయటి నుంచి వచ్చే గాలి మొదట కండెన్సర్‌ను దాటి, ఆ తరువాతే రేడియేటర్‌ను చేరుతుంది. కాబట్టి ఏసీ, ఇంజిన్ రెండూ ఒకేసారి మొరాయిస్తున్నాయంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ఫ్యాన్లనూ గాలి వెళ్లే దారినీ చూడాలి.

ఫ్యాన్ల పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, కిందికి దిగి బంపర్‌లోని రెండు రంధ్రాల దగ్గరా చెవి పెట్టండి. ఏసీ వేయగానే రెండు వైపులా ఫ్యాన్లు తక్కువ వేగంతో తిరగాలి. ఒక వైపు నిశ్శబ్దంగా ఉంటే అక్కడి ఫ్యాన్ రెసిస్టర్, అంటే కరెంటు తగ్గించి ఫ్యాన్‌ను నెమ్మదిగా తిప్పే భాగం, కాలిపోయి ఉండే అవకాశం ఎక్కువ. అది పోయినప్పుడు తక్కువ వేగం పూర్తిగా పోతుంది. కూలెంట్ బాగా కాగిన తరువాత ఎక్కువ వేగం అందుకుంటుంది కనుక ఫ్యాన్ బాగానే ఉందని మెకానిక్ పొరబడతాడు. రెసిస్టర్ చిన్న వస్తువు, ఇంజిన్ దించే కూలితో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు.

ఇక గాలి దారి. కొంతకాలం క్రితం ఇదే తరం కారు ఒకదానికి నా కళ్లముందు బంపర్ విప్పారు. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య బొటనవేలి మందాన ఎండిన వేపాకు, దుమ్ము, నూలుపోగులు, ఒక చాక్లెట్ కాగితం కలిసి చాపలా అల్లుకుపోయి ఉన్నాయి. బయటి నుంచి చూస్తే కండెన్సర్ మెరిసిపోతోంది, ఎందుకంటే యజమాని ప్రతి ఆదివారం వాటర్ వాష్ చేయించేవారు. ఆ నీటి ధాటికి చెత్త ఇంకా లోపలికి దిగిందన్నమాట. ఈ నగరంలో వేప చెట్టు నీడన కారు నిలపడమంటే అందరికీ ఇష్టమే, కానీ మీ కారు నోరు నేలకు అంత దగ్గరగా ఉన్నప్పుడు ఆ నీడకు ఏడాదికొకసారి అద్దె కట్టక తప్పదు. బంపర్ విప్పించి, గ్యాస్ గొట్టాలు ఊడదీయకుండానే కండెన్సర్‌ను కొద్దిగా ముందుకు జరిపించి, మెత్తని బ్రష్షుతోనూ వాక్యూమ్‌తోనూ శుభ్రం చేయించండి. ప్రెషర్ పంపు దగ్గరగా పెట్టి కొడితే పలుచని అల్యూమినియం రెక్కలు వంగిపోయి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఇవన్నీ చేసినా ముల్లు లేస్తే అప్పుడు కూలెంట్ నింపిన పద్ధతిని అడగండి. వెనుక ఇంజిన్ నుంచి ముందు రేడియేటర్ల దాకా కారు పొడవునా గొట్టాలు పరుచుకొని ఉంటాయి కనుక, ముందుగా గాలిని లాగేసే వాక్యూమ్ పరికరంతో నింపకపోతే లోపల గాలి బుడగలు నిలిచిపోతాయి. మామూలు కారులో పోసినట్టు పోసి మూత పెట్టి ఉంటే, మీ మెకానిక్ కొత్త జబ్బు తెచ్చిపెట్టినట్టే. పంపు వంతు చివరిది: కూలెంట్ కారిన మరకో, బేరింగ్ నుంచి గరగరమనే శబ్దమో ఉంటేనే దాన్ని అనుమానించండి. ఒకవేళ పంపు మార్చాల్సి వచ్చినా ఈ కారులో ఇంజిన్ దించనక్కరలేదు, కింది నుంచి చేతులు పెట్టి మార్చవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా వెళుతూ 2007 పోర్షే బాక్‌స్టర్‌ను మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టి వెళ్లాడు. వారానికొకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచేవాళ్లం. ఇప్పుడు పూర్తిగా చచ్చిపోయింది. బ్యాటరీ ముందు డిక్కీలో ఉందట, ఆ మూత కూడా తెరుచుకోవడం లేదు.
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, మూత గడియ కరెంటుతో పనిచేస్తుంది కనుక బ్యాటరీ అయిపోతే తెరుచుకోదు, అందుకని కంపెనీయే ఒక దొడ్డిదారి పెట్టింది. డ్యాష్‌బోర్డు కింద, కాళ్లు పెట్టుకునే చోట పక్కన ఫ్యూజుల పెట్టె ఉంటుంది. దాని మూత తీస్తే లోపల బయటికి లాగగలిగే ఎర్రని పిన్ను ఒకటి కనిపిస్తుంది. దాన్ని లాగి, వేరే బ్యాటరీ పాజిటివ్ తీగను దానికీ, నెగటివ్ తీగను తలుపు గడియ పడే ఇనుప కొక్కేనికీ తగిలించండి. అలారం మోగవచ్చు, కంగారు పడకుండా తాళంచెవి మీటతో ఆపి, ముందు మూత మీట లాగండి. ఈ దారి మూత తీయడానికి మాత్రమే. ఇంజిన్ స్టార్ట్ చేయాలని చూస్తే సన్నని తీగలు కాలిపోతాయి. దగ్గర ఎలక్ట్రీషియన్‌ను ఉంచుకోవడం మంచిది.

పది నిమిషాల స్టార్టింగ్ మంచి మనసుతో చేసినదే, కానీ సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటు ఆ పది నిమిషాల్లో సరిగా తిరిగి చేరదు. పైగా ఆయిల్ పూర్తిగా కాగకముందే ఆపేయడం వల్ల, ఇంధనం మండినప్పుడు పుట్టే తేమ ఆవిరైపోకుండా ఆయిల్‌లోనే మిగులుతుంది. బ్యాటరీని చార్జ్ చేయించి, కొన్ని గంటలు అలాగే వదిలేశాక మల్టీమీటర్‌తో చూడండి: 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సగమే. నిలవకపోతే బ్యాటరీ మార్చాల్సిందే. నిలిస్తే, ఎప్పుడూ తగిలించి ఉంచగలిగే మెయింటెయినర్ చార్జర్ ఒకటి కొని సెల్లార్‌లోని ప్లగ్గుకు పెట్టించండి. రెండు వారాలకొకసారి నమ్మకమైన వారెవరైనా అరగంటకు పైగా రోడ్డు మీద నడపగలిగితే టైర్లకూ మంచిది. టైరు పక్క గోడ మీద డీఓటీ సంకేతం చివర నాలుగంకెలుంటాయి. 1819 అని ఉంటే 2019లో పద్దెనిమిదో వారంలో తయారైందని అర్థం. అంత పాతవైతే, గాటు అరగకపోయినా, అబ్బాయి వచ్చేసరికి కొత్తవి వేయించండి.

ప్రశ్న: నాది 2017 మస్టాంగ్ జీటీ. శ్రీశైలం ఘాట్ దిగుతుండగా బ్రేక్ పెడల్ స్పాంజిలా లోపలికి దిగిపోయింది. కాసేపు ఆగాక మళ్లీ మామూలైంది. దుకాణంలో డాట్ 5 బ్రేక్ ఆయిల్ ఇంకా గట్టిదని చెబుతున్నారు.
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: డాట్ 5 పోయకండి. అది సిలికాన్ ద్రవం, మీ కారులో వాడే డాట్ 4తో కలవదు. అంకె పెద్దదైతే మందు మంచిదని అనుకోవడం ఇక్కడ ప్రమాదం. మీ పెడల్ లోపలికి పోవడానికి కారణం దాదాపుగా పాత ఆయిలే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్‌లో అంత బరువైన కారును బ్రేకు మీదే దించితే ఆ వేడి చేరడం కష్టమేమీ కాదు. మరిగిన చోట ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కుకుపోదు గానీ ఆవిరి నొక్కుకుపోతుంది, అందుకే స్పాంజిలా అనిపించింది. నాలుగు చక్రాల దగ్గరా పాత ఆయిల్ పూర్తిగా పోయేదాకా బ్లీడింగ్ చేయించి, సీలు తీయని డబ్బాలోని డాట్ 4 పోయించండి, రెండేళ్లకొకసారి మార్చండి. దిగేటప్పుడు ఆటోమేటిక్ గేరును తక్కువ గేరులో పెట్టి ఇంజిన్ చేత కూడా కారును పట్టించండి.

ప్రశ్న: 100 ఆక్టేన్ పెట్రోలు పోస్తే పికప్ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: ఆక్టేన్ అంకె పెట్రోలు బలాన్ని చెప్పదు; ఒత్తిడికి ముందే అంటుకోకుండా ఎంతసేపు ఓర్చుకుంటుందో చెబుతుంది. ట్యాంకు మూత లోపలి స్టిక్కరు 95 లేదా 98 అడిగితే, అంతకంటే తక్కువ అంకె ఉన్న పెట్రోలుతో ఇంజిన్ కంప్యూటర్ నాకింగ్ (పెట్రోలు ముందే అంటుకొని కొట్టుకోవడం) రాకుండా స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది, పికప్ తగ్గుతుంది. అలాంటి కారుకు ప్రీమియం పెట్రోలుతో తేడా తెలుస్తుంది. 91 చాలునని స్టిక్కరు మీద ఉంటే, ఆ డబ్బు పెట్టి టైర్ల గాలి సరిచూసుకునే మంచి గేజీ ఒకటి కొనుక్కోండి.