నీ వ్యాసం కన్నా నీ నోట్‌బుక్కే బాగుంది

నల్లకుంట, హైదరాబాద్
ఆదివారం రాత్రి

నాయనా,

మీ కాలనీ హాల్లో సినిమా వేసి, చూసినవాళ్ళ అభిప్రాయాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. దాంతోపాటు నీ నోట్‌బుక్ పేజీలు కూడా ఫొటోలు తీసి పంపావు, మంచి పని చేశావు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. నీ వ్యాసం కన్నా నీ నోట్‌బుక్కే బాగుంది. వ్యాసం చదువుతుంటే మీ కాలనీ హాల్లో ఎవరూ ఉన్నట్టనిపించలేదు. నోట్‌బుక్ తిరగేస్తే కుర్చీలు, చాపలు, పిల్లల గోల, గుమ్మం దగ్గర నిలబడి చూసిన వాచ్‌మన్, అందరూ కనిపించారు. ఆ మనుషులందరూ వ్యాసంలోకి వచ్చేసరికి ఏమైపోయారన్నదే ఈ ఉత్తరం.

వేసవి సెలవుల్లో పిల్లలను పోగేసి 'ఐస్ ఏజ్' వేయడం చక్కని ఆలోచన. 2002లో వచ్చిన సినిమా. ఆ హాల్లో కూర్చున్న పిల్లల్లో ఒక్కరూ అప్పటికి పుట్టలేదు. వాళ్ళ అమ్మానాన్నలే చదువుకునే వయసులో ఉండి ఉంటారు. అంత పాత బొమ్మల సినిమాను ఇప్పటి పిల్లలు ఎలా చూస్తారు, పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు ఎలా చూస్తారు అని తెలుసుకోవాలనుకున్నావు. ఆ కుతూహలం నాకు నచ్చింది. కానీ నీ మొదటి పేరా ఇలా ఉంది: "చిన్నలను, పెద్దలను సమానంగా అలరించిన ఈ చిత్రంలోని హాస్యానికి ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వారు." ఈ వాక్యం రాయడానికి నువ్వు హాలుకు వెళ్ళనక్కర్లేదు, సినిమా చూడనక్కర్లేదు. ఏ హాస్యచిత్రం కిందైనా అతుకుతుంది. ఎక్కడైనా అతికే వాక్యం నీది కాదు, కొట్టెయ్.

అదే సమయంలో నీ నోట్‌బుక్ నాలుగో పేజీలో ఏముందో చూడు. "పింక్ గౌను పాప, ఐదారేళ్ళు. సినిమా అయిపోయాక అడిగింది: మరి వాళ్ళమ్మేది?" అంతే రాసుకున్నావు. పక్కన ఒక చుక్క కూడా పెట్టలేదు. నేను ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే ఆ పాప అడిగింది సినిమాలో జవాబు లేని ప్రశ్న. పులులు మనుషుల ఊరి మీద పడ్డప్పుడు ఒక తల్లి తన పసివాణ్ని పట్టుకుని జలపాతంలోకి దూకుతుంది. కింద నదిలో, ఒడ్డున నిలబడ్డ మామత్‌కు, అంటే మంచుయుగపు బొచ్చు ఏనుగుకు, బిడ్డను అందిస్తుంది. మామత్ బిడ్డ వైపు చూసి మళ్ళీ తలెత్తేలోగా ఆమె ఉండదు. సినిమా ఆ సంగతి మళ్ళీ ఎత్తదు. చివర్లో బిడ్డ తండ్రి చేతుల్లోకి వెళ్ళిపోతాడు, పెద్దవాళ్ళం 'హమ్మయ్య' అనుకుని లేచిపోతాం. ఆ పాప మాత్రం గంటకు పైగా ఆ తల్లి కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఇంతకన్నా మంచి ప్రేక్షకురాలు నీకు దొరకదు. నీ వ్యాసంలో ఆమె లేదు. "పిల్లలు కేరింతలు కొట్టారు" అన్న మాటలో కలిసిపోయింది.

నీ తప్పు ఒక్కటే. అభిప్రాయాలను తూకం వేశావు. ఇంతమందికి నచ్చింది, ఇంతమందికి ఫరవాలేదు, ఒకరిద్దరు పెదవి విరిచారు, మొత్తమ్మీద ఐదుకు మూడున్నర. అందరివీ ఒక గిన్నెలో పోసి కలిపితే ఎవరి రుచీ మిగలదు. అభిప్రాయమంటే ఒక మనిషికీ ఒక సన్నివేశానికీ మధ్య జరిగిన సంగతి. ఆ మనిషెవరో, ఆ సన్నివేశమేదో రెండూ కనిపించాలి. ఒకటి దాచినా రెండోది చచ్చిపోతుంది.

"ఎలా ఉంది?" అని అడిగావు గనక అందరూ "బాగుంది" అన్నారు. భోజనానికి పిలిచినావిడ పప్పు ఎలా ఉందని అడిగితే ఉప్పు తగ్గిందని ఎవరంటారు? హాలు తాళం తీసి, ప్రొజెక్టర్ తెచ్చి, పిల్లలకు బిస్కెట్లు పంచినవాడివి నువ్వు. నీ ముఖం మీద బాగాలేదని ఎలా చెబుతారు? శుక్రవారం పొద్దున ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సంధ్య దగ్గరో, దేవి దగ్గరో నిలబడితే నీకు తెలుస్తుంది. మైకులు పట్టుకుని "బొమ్మ ఎట్లుందన్నా?" అని అడుగుతారు, "బ్లాక్‌బస్టర్!" అని అరుస్తారు. అది హీరో మీద ప్రేమ. ప్రేమను నేను చిన్నచూపు చూడను, కానీ సినిమా గురించి అందులో ఒక్క మాటా ఉండదు. నువ్వు ఇకముందు వేరేగా అడుగు. ఇంటికెళ్ళాక ఏ సీను గుర్తుకొస్తుందని అడుగు. ఎక్కడ కునుకు పట్టిందని అడుగు. మళ్ళీ వేస్తే ఎక్కడ లేచి నీళ్ళు తాగడానికి వెళ్తారని అడుగు. అసలు అడగకుండా ముఖాలు చూడటం ఇంకా మంచిది. బాలల చిత్రోత్సవాన్ని 1995 నుంచి మన ఊళ్ళోనే జరపడం మొదలుపెట్టినప్పుడు నేను నేర్చుకున్నది అదే. పక్కవరస చివరి సీట్లో కాస్త వారగా కూర్చుంటే తెర సగమే కనిపిస్తుంది, పిల్లల ముఖాలు మాత్రం బాగా కనిపిస్తాయి. పిల్లవాడు నోరు తెరిచి, చేతిలో పల్లీల పొట్లం మర్చిపోయాడంటే ఆ నిమిషం రాసుకోవాలి.

ఇక మీ వాచ్‌మన్ సంగతి. వ్యాసంలో ఆయన చేత ఇలా అనిపించావు: "భాష తెలియకపోయినా కథనం హత్తుకునేలా ఉంది." ఆయన అన్నదేమో నోట్‌బుక్‌లో ఉంది: "నాకు ఇంగిలీషు రాదు సారూ. అయినా నిప్పుల కాడ ఏనుగు పులిని గుంజి కాపాడింది సూడు, గాడ్నే పులి మనసు మారింది." తమ్ముడూ, ఇది విమర్శ! మంచు విరిగి కింద లావా పారుతుంటే, డీగో అనే ఆ పులిని పైకి విసిరి, మానీ అనే ఆ మామత్ తాను పడిపోతాడు. అప్పటిదాకా వాళ్ళను తన గుంపుకు పట్టివ్వడానికి తీసుకెళ్తున్న పులి అక్కణ్నుంచి లోలోపల తిరుగుతుంది. కథ మలుపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాడాయన. చదువుకున్న వాళ్ళం దీనికి పెద్ద పెద్ద పేర్లు పెడతాం. నువ్వు ఆయన నోట్లోంచి ఆ 'నిప్పుల కాడ' తీసేసి 'కథనం హత్తుకునేలా' పెట్టావు. పాలమూరు మాటను పత్రిక మాట చేస్తే గౌరవం పెరుగుతుందనుకున్నావేమో. పెరగదు, మనిషి మాయమవుతాడు.

నాకు ఈ సంగతి ఇంత గట్టిగా ఎందుకు తెలుసంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతుల మీదుగా ఒకటి జరిగింది. పత్రిక పేరు వద్దు. మ్యాట్నీ వదిలాక జనాన్ని అడిగి రాసుకురమ్మన్నారు. గేటు బయట ఒక రిక్షా ఆయన చెప్పాడు: "హీరో తల్లికి కాళ్ళకు చెప్పుల్లేవు గదా సారూ, సినిమా అంత గవ్వే కాళ్ళు చూసిన." నేను రాసుకొచ్చాను. డెస్కులో దాన్ని "చిత్రం ఆద్యంతం ఆకట్టుకుంది" అని మార్చి, పక్కన ఆయన ఫొటో వేశారు. నేను చూస్తూ ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆయన ఆ కాగితం మడత పెట్టుకుని వచ్చాడు. ఎవరో చదివి వినిపించారట. కోపంగా ఏం లేడు. "సారూ, నేనన్నది గిది కాదు" అన్నాడు, అంతే. ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఒకరు అన్న మాటను ఇంకో మాటగా నేనెప్పుడూ రాయలేదు, రాయనివ్వలేదు.

మూడో పేరాలో ఒక పొరపాటుంది. "డైనోసార్ల కాలం నాటి ఏనుగుల కథ" అని రాశావు. మీ హాల్లో కూర్చున్న సైన్స్ టీచరు గారు మొత్తుకున్నది ఇదే కదా. ఆమె మాటను "కొందరు చిన్న చిన్న లోపాలు ఎత్తిచూపారు" అని కొట్టిపారేసి, అదే లోపం నువ్వు చేశావు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల సంవత్సరాలైంది. ఉన్నిబొచ్చు మామత్‌లలో చివరివి ఆర్కిటిక్‌లోని రాంగెల్ దీవిలో దాదాపు 4,000 ఏళ్ళ కిందటి దాకా బతికాయి. అంటే మన హరప్పా నగరాల్లో జనం తిరుగుతున్నప్పుడు భూమి మీద ఇంకా మామత్‌లున్నాయి. మంచు గుహలో గడ్డకట్టిన డైనోసార్‌ను చూపించడం సినిమావాళ్ళ సరదా. అదే గుహలో ఎగిరే పళ్ళెం కూడా ఉంది, చూశావు కదా. డోడో పక్షులు కూడా అంతే. అవి మారిషస్ దీవిలో ఉండేవి, 17వ శతాబ్దంలో పోయాయి. మూడు పుచ్చకాయలు దాచుకుని మంచుయుగం గట్టెక్కుతామనుకునే ఆ పక్షులను చూసి మీ పిల్లలు పడీపడీ నవ్వారని రాశావు, ఆ నవ్వు ఉంచు. టీచరు గారి అభ్యంతరం కూడా ఉంచు. రెండూ నిజమే.

ఇంకో మాట. ఆమె ఊరికే తప్పు పట్టలేదు. "మా పిల్లలను బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్ళి మన డైనోసార్‌ను చూపించాను, ఇప్పుడు వాళ్ళు మామత్ కూడా అక్కడే ఉంటుందనుకుంటారు" అన్నదట. ఆమె బెంగ ఎంత ముద్దుగా ఉందో చూడు! ఆదర్శ్‌నగర్ గుట్ట మీద నిలబడ్డ ఆ అస్థిపంజరం కోటాసారస్ యామనపల్లియెన్సిస్. యామనపల్లి అనే పల్లె దగ్గర దొరికిన ఎముకలు, జురాసిక్ కాలానివి. 1988లో ఆ పేరు పెట్టారు. తెలుగు పల్లె పేరు మోస్తున్న డైనోసార్ మన ఊళ్ళో ఉంటే, అమెరికా బొమ్మల సినిమా చూసిన పిల్లలకు ఆ రెంటికీ మధ్య ఎంత దూరముందో చెప్పాలని ఒక టీచరు ఆరాటపడుతోంది. ఇలాంటిది హైదరాబాద్‌లోనే జరుగుతుంది. దీన్ని వదిలేసి "చిన్న చిన్న లోపాలు" అంటావా?

గ్రాఫిక్స్ కంపెనీలో పనిచేసే కుర్రాడు చెప్పింది కూడా తొందరపడి పక్కన పెట్టావు. బొచ్చు గుత్తులు గుత్తులుగా, గట్టిగా ఉందన్నాడు. ఇప్పటి కళ్ళతో చూస్తే నిజమే. అయితే అతన్నే ఇంకో ప్రశ్న అడగాల్సింది: మరి మంచు మీద వెలుతురు ఎలా ఉంది? బ్లూ స్కై స్టూడియోకు అది మొదటి పూర్తినిడివి సినిమా. వెలుగు ఎక్కడ పడి ఎక్కడికి తుళ్ళుతుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ళే రాసుకున్నారు. ఆ సాయంకాలపు మంచు అంత మెత్తగా ఉండటానికి కారణం అదే. పనివాడి కన్ను తప్పునూ పట్టగలదు, గొప్పనూ పట్టగలదు. నువ్వు సగమే అడిగావు.

చివరికి ఉంచుకున్నది మీ మూడో అంతస్తు అవ్వ గురించి. ఆమె పేజీ ఒక్కటీ ఉన్నా నీ వ్యాసం నిలబడేది. గుహ గోడ మీద బొమ్మలుంటాయి. మానీ వాటి ముందు నిలబడతాడు. బొమ్మలు కదులుతాయి. మామత్ తండ్రి, తల్లి, పిల్ల. తర్వాత ఈటెలు పట్టుకున్న మనుషులు. అక్కడ ఒక్క మాట ఉండదు. ఇంగ్లీషు వచ్చినవాడికీ రానివాడికీ అక్కడ తేడా లేదు. పసివాడు చెయ్యి చాచి గోడ మీది పిల్ల మామత్‌ను ముట్టుకుంటాడు. ఆ సీను వచ్చినప్పుడు ఫ్యాను చప్పుడు వినిపించిందని రాసుకున్నావు. అంత గోల చేసే పిల్లల మధ్య ఫ్యాను చప్పుడు వినిపించిందంటే, అదే నీ మొదటి వాక్యం. ఇంకెక్కడా వెతకొద్దు. సినిమా అయ్యాక అవ్వ నీతో అన్నది: "బిడ్డను పోగొట్టుకున్నోళ్ళు గట్లనే నిలవడ్తరు." ఆమె ఎందుకలా అన్నదో అడగలేదని బాధపడ్డావు. అడగకపోవడమే మంచిదైంది. కొన్నిచోట్ల కలం మూసుకుని కూర్చోవాలి. ఆమె చెబితే వింటావు, చెప్పకపోతే ఆ వాక్యం చాలు. దాని కింద నీ వ్యాఖ్య ఒక్క అక్షరం కూడా వద్దు.

అదే అవ్వ లేచి వెళ్తూ ఇంకో మాట అన్నది కదా: "గా ఉడుతకు ఆ కాయ ఒక్కసారన్న దొరకనియ్యొద్దా? పాపం." ఆ కోరల ఉడుత, స్క్రాట్, ఐదు సినిమాల పాటు, 2002 నుంచి 2016 దాకా, ఆ కాయ వెంట పడుతూనే ఉంది. ఏ సినిమాలోనూ ఆ కాయ దానికి మిగలలేదు. 2021లో ఆ బ్లూ స్కై స్టూడియో మూతపడింది. మూతపడే ముందు ఆఖరి రోజుల్లో అక్కడి కళాకారులు కొందరు కలిసి చివరి షాట్ ఒకటి చేసి, మరుసటేడాది బయటపెట్టారు. అర నిమిషం ఉంటుంది. అందులో స్క్రాట్ కాయ ముందు కూర్చుంటుంది, అటూ ఇటూ చూస్తుంది, ఏమీ జరగదు. తీరిగ్గా కాయ తినేసి వెళ్ళిపోతుంది.

నువ్వు వ్యాసం తిరగరాసే ముందు ఒక పని చెయ్. సాయంత్రం ఆమె వత్తులు చేసుకునే వేళకు మూడో అంతస్తుకు వెళ్ళు. ఫోనులో ఆ అర నిమిషం చూపించు. చూస్తున్నంతసేపూ తెర వైపు చూడకు, అవ్వ ముఖం చూడు. ఆమె ఏమన్నదో, అన్నది అన్నట్టే నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ సార్