విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు కూడా సిటీ మీద కేసు వేయొచ్చు

"అమెరికా చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలను ఇక్కడి పోలీసులు అన్యాయంగా పట్టుకుంటే, ఆ సిటీ ప్రభుత్వం మీద ఫెడరల్ కోర్టుకు వెళ్ళగలమా?" అని ఒకరు అడిగారు. వెళ్ళగలం. అధికారులు మన హక్కులు కాలరాస్తే దావా వేయనిచ్చే, అందరూ సెక్షన్ 1983 అని పిలిచే చట్టం 1871 నాటిది, అందులో పౌరుడైనా ఇక్కడున్న మరే వ్యక్తి అయినా అనే ఉంది, వీసా ప్రసక్తే లేదు.

మా నాన్నగారు ఒంగోలు నుంచి మొదటిసారి డల్లాస్ దగ్గర మా ఇంటికి వచ్చారు. తెల్లవారకముందే లేచి నడవడం ఆయనకు నలభై ఏళ్ళ అలవాటు. మా వీధిలో ఫుట్‌పాత్ కూడా లేదు (లక్షల డాలర్ల ఇళ్ళు కడతారు, మనిషి నడవడానికి రెండడుగుల దారి వదలరు!), అందుకని రోడ్డు అంచునే నడుస్తూ, మంకీ క్యాప్‌తో ఒకరి ఇంటి ముందు ఆగి గులాబీలు చూస్తుంటే ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి చేతులకు బేడీలతో నేల మీద కూర్చుని ఉన్నారు. "నేనేం చేయలేదురా" అన్నారు. బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఆ తర్వాత ఒక్కరోజు కూడా గడప దాటలేదు, టికెట్ ముందుకు మార్పించుకుని వెళ్ళిపోయారు.

స్నేహితులంతా "గ్రీన్ కార్డు వచ్చేదాకా గొడవలెందుకు" అన్నారు. విన్నాను. లాయరు దగ్గరికి వెళ్ళేసరికి ఇలాంటి కేసు వేయడానికి టెక్సస్‌లో ఉన్న రెండేళ్ళ గడువు దాటిపోయింది. ఆ సలహా ఇచ్చినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే.

2015 ఫిబ్రవరిలో అలబామాలోని మాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి వచ్చిన 57 ఏళ్ళ గుజరాతీ పెద్దాయనను ఇలాగే నడుస్తుండగా ఆపి, ఒక పోలీసు నేలకేసి కొట్టాడు. వెన్నెముక దెబ్బతింది. క్రిమినల్ కేసులో జ్యూరీలు రెండుసార్లు ఏకాభిప్రాయానికి రాలేదు, 2016లో జడ్జి ఆ పోలీసును నిర్దోషి అన్నారు. అయినా కుటుంబం సివిల్ దావా వదల్లేదు, 2021లో 17.5 లక్షల డాలర్లకు సెటిలైంది. అక్కడ పోలీసు కారు కెమెరాలో అంతా రికార్డయి ఉంది, అదే కాపాడిందని నా గట్టి నమ్మకం.

సిటీ మీద గెలవడం మాత్రం తేలిక కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన మోనెల్ తీర్పు ప్రకారం ఒక పోలీసు తప్పు చేశాడని చూపిస్తే చాలదు, ఆ తప్పు సిటీ విధానం వల్లో అక్కడ పాతుకుపోయిన అలవాటు వల్లో జరిగిందని చూపించాలి. అందుకే మొదటి వారంలోనే బాడీ కెమెరా వీడియో, ఫోన్ కాల్ రికార్డింగ్ కావాలని రాతపూర్వకంగా అడగండి, అదే వారంలో లాయరును కలవండి.