పాత టూరింగ్ బైక్‌నే ఉంచుకోవాలా, కొత్త మోడల్‌కి మారాలా?

మీ పరిస్థితి నాకు బాగా తెలుసు. పదిహేనేళ్ళ టూరింగ్ బైక్, లక్ష కిలోమీటర్లు దాటింది, కార్బురేటర్ ఇంజిన్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. అయినా ఇంజిన్ ఏ పేచీ లేకుండా స్టార్ట్ అవుతోంది. అదే వరసలో వచ్చిన కొత్త మోడల్‌ని టెస్ట్ రైడ్ చేసి వచ్చినప్పటి నుంచి మాత్రం మీ బండి మొద్దుగా, బరువుగా అనిపిస్తోందన్నారు. శ్రీమతితో కలిసి వానలో కూడా దూరప్రయాణాలు చేస్తుంటాం, మారిపోవాలా అని అడిగారు. నేనూ దాదాపు ఇలాంటి బండి మీదే ఏళ్ళ తరబడి తిరిగి చివరికి మారాను. మారడానికి ముందు ఒక పని చేశాను. ఆ నిర్ణయం మీద నాకు ఇవాళ్టికీ ఏ సందేహమూ లేదంటే ఆ పని వల్లే.

కొత్త బండిని ఇంకోసారి నడపక ముందే మీ పాత బండిని పూర్తిగా బాగు చేయించండి. టెస్ట్ రైడ్‌లో మీరు ఎక్కిన బండికి కొత్త టైర్లు, ఫోర్కులో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ గొట్టాల్లో) కొత్త ఆయిల్, అరగని బేరింగులు ఉన్నాయి. దిగి వచ్చి ఎక్కిన బండికి అవన్నీ అరిగిపోయి ఉన్నాయి. మీకు కనిపించిన తేడాలో మోడల్ వల్ల వచ్చింది ఎంత, అరుగుదల వల్ల వచ్చింది ఎంత అన్నది అలా తేలదు. అరుగుదల రోజుకి కాస్త చొప్పున వస్తుంది కాబట్టి రోజూ నడిపేవాళ్ళకి అసలు తెలియదు.

ముందుగా సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం నేలకి తగలకుండా బండిని లేపండి. హ్యాండిల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి సన్నగా ఎక్కడో పట్టుకున్నట్టు, గాడిలో పడ్డట్టు అనిపిస్తే స్టీరింగ్ బేరింగులు పోయినట్టే. నేరుగా వెళ్ళేటప్పుడు హ్యాండిల్ ఎప్పుడూ ఆ మధ్యలోనే ఉంటుంది కాబట్టి బేరింగ్ గోళీలు అక్కడే గుంటలు పెడతాయి. మలుపులో బండి ఒక పట్టాన వంగకపోవడం, వంగాక గీత మీద నిలవకపోవడం చాలామంది పాత బండి స్వభావం అనుకుంటారు. నా బండికి బేరింగులు మార్చాక ఆ మొద్దుతనం సగానికి పైగా పోయింది. ఫోర్క్‌లోంచి తీసిన ఆయిల్‌ని మెకానిక్ ఒక డబ్బాలో పోసి చూపించాడు. వర్షం తర్వాత రోడ్డు పక్కన నిలిచిన బురద నీళ్ళలా ఉంది, అడుగున సన్నటి లోహపు పొడి మెరుస్తోంది. అలాంటి ఆయిల్ మీద నడుస్తున్న బండిని కొత్త ఫోర్కుతో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

టైర్ల మీది గాళ్ళు ఇంకా అరగలేదని ఊరుకోకండి. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ కూడా అంతే, గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక ఆ కనీసం 155 డిగ్రీలకి పడిపోతుంది. ఇద్దరు మనుషులు, సామాను, పొడవాటి ఘాట్ దిగుడు ఉంటే ఈ తేడా లివర్ దగ్గర మీ వేళ్ళకే తెలుస్తుంది. రెండేళ్ళకోసారి మార్చాల్సిన ఆయిల్ ఇది. పదిహేనేళ్ళు నిండిన రబ్బరు బ్రేక్ గొట్టాలు లోపల ఉబ్బిపోయి ఉంటాయి, వాటినీ మార్పించండి. వెనక షాక్ అబ్జార్బర్ విప్పి రీబిల్డ్ చేసే రకమైతే చేయించండి, కాకపోతే కొత్తది వేయించండి.

ఇదంతా చేశాక ఒక రోజంతా నడపండి. ఆ రోజు మీకు ఇంకా ఏది ఇబ్బంది పెట్టిందో అదే మీ అసలు జాబితా. నా జాబితా మొదట్లో చాలా పొడవుగా ఉండేది. బాగు చేయించాక అందులో సగం కొట్టేశాను. మిగిలిన వాటిలో నడుము నొప్పి, ఛాతీ మీద గాలి తాకిడి, రాత్రిళ్ళు వెలుతురు చాలకపోవడం లాంటివి సీటు మార్చడంతో, హ్యాండిల్ కాస్త ఎత్తించడంతో, పొడవాటి విండ్‌స్క్రీన్‌తో, అదనపు లైట్లతో సర్దుకుపోయాయి. వీటి కోసం బండి మార్చాల్సిన పని లేదు. కొత్త బండి కొన్నా సీటు, విండ్‌స్క్రీన్ మీ ఒంటికి తగ్గట్టు మార్చుకోవాల్సి రావచ్చు.

చివరికి ఎంత చేసినా పాత బండిలో పెట్టలేనివి కొన్నే మిగిలాయి. నేను మారింది వాటి కోసం.

అన్నిటికంటే ముందు ఏబీఎస్. దీని గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మోటార్‌సైకిల్‌కి ఏబీఎస్ కొత్త వింతేమీ కాదు, బీఎండబ్ల్యూ 1988లోనే కే100 మీద ఇచ్చింది. పాత బండికి దాన్ని బయట నుంచి తగిలించడం మాత్రం అయ్యే పని కాదు. చక్రాల దగ్గర సెన్సర్లు, బ్రేకు ఒత్తిడిని నియంత్రించే యూనిట్, ఆ బండికి తగ్గట్టు కుదిర్చిన ప్రోగ్రామ్ అన్నీ కలిసి పనిచేయాలి. ఒకసారి వాన మొదలైన కొత్తలో, రోడ్డు మీది దుమ్మూ ఆయిలూ ఇంకా కొట్టుకుపోక ముందు, ముందున్న లారీ ఒక్కసారిగా ఆగింది. నేను బ్రేకు పట్టగానే ముందు చక్రం బిగుసుకుపోయి, హ్యాండిల్ ఒక్కసారి తేలికైపోయింది. లివర్ వదిలి మళ్ళీ పట్టుకుంటే బండి నిలబడింది. వెనక మా ఆవిడ ఉంది. ఏమైందో తనకి తెలియనే లేదు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కంగారులో లివర్ వదలాలన్న స్పృహ ప్రతిసారీ ఉంటుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. ఏబీఎస్ ఆ పనిని మనకంటే వేగంగా, అలసట లేకుండా చేస్తుంది. బండి వంగి ఉన్నప్పుడు కూడా పనిచేసే కార్నరింగ్ ఏబీఎస్ 2014 మోడల్ కేటీఎం 1190 అడ్వెంచర్‌తో మొదలై ఇప్పుడు చాలా టూరింగ్ బైకుల్లో దొరుకుతోంది. మీరు ఇద్దరూ కలిసి, వానలో కూడా తిరుగుతుంటారు కాబట్టి మీ విషయంలో ఈ ఒక్క కారణమే చాలని నేననుకుంటాను. ఒంటరిగా, ఎండాకాలంలోనే తిరిగేవాళ్ళు అడిగి ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు.

తర్వాతది బరువు. మనం మోసే బలం ఏటేటా పెరగదు కదా. కదిలేటప్పుడు ఏ టూరింగ్ బైకూ బరువుగా అనిపించదు. ఏటవాలు పార్కింగ్‌లో వెనక్కి నెట్టేటప్పుడు, ఇరుకు రోడ్డులో మొత్తం తిప్పేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. షోరూమ్‌లో ఈ రెండు పనులూ తప్పకుండా చేసి చూడండి. సామాను పెట్టెలు కూడా తగిలించమని అడగండి.

కార్బురేటర్ విషయం మీ దారుల్ని బట్టి ఉంటుంది. 4000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతు తక్కువ. అక్కడ కార్బురేటర్ ఇంజిన్‌కి పెట్రోల్ ఎక్కువైపోయి ఊపిరి అందనట్టు నడుస్తుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్ అయితే సెన్సర్ల లెక్క చూసుకుని పెట్రోల్ తగ్గిస్తుంది. పెద్ద కొండలు మీ దారిలో లేకపోతే దీని కోసం బండి మార్చనక్కర్లేదు.

కొత్తది అన్నిట్లోనూ మెరుగే అనుకోకండి. కంపెనీలు ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంటాయి. హోండా గోల్డ్‌వింగ్‌నే చూడండి. 2018లో దాన్ని మొత్తం మార్చినప్పుడు బరువు బాగా తగ్గింది, ముందు సస్పెన్షన్ డబుల్ విష్‌బోన్ (ఫోర్కుకి బదులు కొన్ని కార్లలోలా రెండు ఆర్ములతో పట్టే) పద్ధతికి మారింది. దాంతో పాటే పెట్రోల్ ట్యాంక్ 25 లీటర్ల నుంచి 21 లీటర్లకి తగ్గింది, సామాను పెట్టెలూ చిన్నవయ్యాయి. 2021లో వెనక పెట్టెని 50 లీటర్ల నుంచి 61 లీటర్లకి పెంచాల్సి వచ్చింది. కొన్నిసార్లు బండి స్వభావమే మారిపోతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 411 సీసీ హిమాలయన్ గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఐదు గేర్ల నిదానమైన బండి. దాని తర్వాత 2023 చివర్లో వచ్చిన 450లో లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, సుమారు 40 హార్స్‌పవర్. అంతకు ముందుది 24 చిల్లర. పేరు ఒకటే, నడిపే తీరు వేరు. తక్కువ ఆర్‌పీఎంలో నింపాదిగా లాక్కుపోయే ఇంజిన్ అలవాటైన వాళ్ళకి, పై ఆర్‌పీఎంలో పవర్ ఇచ్చే ఇంజిన్ మొదట్లో తొందరపెడుతున్నట్టు ఉంటుంది. మీ మోడల్‌లో ఏది పోయింది, ఏది వచ్చింది అన్నది కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ముఖ్యంగా ట్యాంకు సామర్థ్యాన్ని మైలేజీతో గుణించి, ఫుల్ ట్యాంకుకి ఎంత దూరం పోతుందో లెక్క కట్టండి. టూరింగ్‌లో ఆ అంకె హార్స్‌పవర్ కంటే ఎక్కువ పనికొస్తుంది.

రంగుల డిస్‌ప్లే, ఫోన్ కనెక్షన్, నాలుగైదు రైడింగ్ మోడ్లు చూసి మనసు పడటం సహజమే. నాకు వాటిలో నిజంగా పనికొచ్చింది క్రూజ్ కంట్రోల్ ఒక్కటే, కుడి మణికట్టు నొప్పి పోయింది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. టెస్ట్ రైడ్‌కి మీ శ్రీమతిని తప్పకుండా తీసుకెళ్ళండి. నడిపేవాళ్ళకి పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంటుంది, ముందున్న గుంత కనిపిస్తుంది. వెనక కూర్చున్న వాళ్ళకి ఆ రెండూ ఉండవు. మోకాళ్ళు ఎంత వంగుతున్నాయి, పట్టుకునే రెయిల్ చేతికి అందుతోందా, బ్రేకు వేసినప్పుడు ముందుకి జారుతున్నారా, హెల్మెట్ దగ్గర గాలి చప్పుడు ఎంతుంది అన్నవి తననే చెప్పనివ్వండి. నేను ముచ్చటపడ్డ ఒక బండిని మా ఆవిడ అరగంటలోనే వద్దంది. వెనక సీటు ముందుకి వాలి ఉండటంతో నా వీపు మీద ఒరిగిపోకుండా తను కాళ్ళు బిగబట్టి కూర్చోవాల్సి వచ్చింది. ముందు సీట్లో ఉన్న నాకు ఆ సంగతి తెలిసే దారే లేదు. ఒక చుట్టు తిప్పి ఇచ్చేయమనే షోరూమ్ అయితే, అదే మోడల్‌ని ఒక రోజు అద్దెకి తీసుకోవడం మేలు. ఇంజిన్ వేడి కాళ్ళకి తగలడం, సీటు గట్టిదనం లాంటివి రెండు గంటలు గడిస్తే తప్ప బయటపడవు.

డబ్బు విషయంలో మీకు తొందర లేదు. మీ బండి ధర పడాల్సినంత పడిపోయింది. ఇంకో ఏడాది ఉంచుకున్నా పెద్దగా పోయేదేమీ ఉండదు. కొత్త బండి మాత్రం మొదటి ఏడాదే ఎక్కువ విలువ పోగొట్టుకుంటుంది. మోడల్ కొత్తగా వచ్చిందైతే ఆ ఏడాది ఆగడం వల్ల తొలి విడత బళ్ళలోని లోపాలు కూడా తెలిసిపోతాయి. ఏబీఎస్ ఉన్న, రెండు మూడేళ్ళు వాడిన, సర్వీస్ రికార్డు సరిగ్గా ఉన్న బండి దొరికితే నేనైతే అటే మొగ్గుతాను. మీ బండికి స్పేర్ పార్టులు దొరకడం ఇప్పటికే కష్టమవుతోందా అన్నది కూడా మీ మెకానిక్‌ని అడగండి. క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు ఎవరైనా చేస్తారు. ఆ మోడల్‌కే చెందిన ఎలక్ట్రికల్ భాగాలు ఆగిపోతే మాత్రం ఒక చిన్న వస్తువు కోసం బండి నెలల తరబడి షెడ్డులో పడి ఉంటుంది. అలాంటి జవాబు వస్తే ఏడాది ఆగాలన్న నా మాట పక్కన పెట్టేయండి.

మారాలనే తేల్చుకుంటే, తర్వాతి పెద్ద ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందే బండి చేతికి వచ్చేలా చూసుకోండి. సాధారణంగా 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య మొదటి సర్వీస్ ఉంటుంది, అప్పటిదాకా ఇంజిన్‌ని గట్టిగా లాగకూడదు. పాత సామాను పెట్టెల ఫ్రేములు కొత్తదానికి సరిపోకపోవచ్చు, అవి తెప్పించుకోవడానికి సమయం పడుతుంది. ఇద్దరూ కూర్చుని, సామాను నింపి వెనక స్ప్రింగు ప్రీలోడ్ (బరువు పడక ముందే స్ప్రింగు ఎంత బిగించి ఉండాలన్నది) సరి చేయించుకోవడం కూడా ఈ లోపే పూర్తి చేయండి. మీ బండి ఏ మోడలో, ఏ దారుల్లో ఎక్కువ తిరుగుతారో రాస్తే ఇంకొంచెం వివరంగా చెప్పగలను.